స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విడుదలలు, తెలుగు అనువాదములు: యంత్రవినియోగముపై ఒక సమీక్ష

2022 ఏప్రిల్ 4వ తేదీన విశాఖపట్నము జిల్లా నుండి వేరుపడి అనకాపల్లి ప్రత్యేక జిల్లా అయ్యెను. ఆంధ్రప్రదేశమునందలి జిల్లాల సంఖ్య ఆ దినముననే 13 నుండి 26కు పెరిగెను. కార్యాలయముల మీది బోర్డులు మార్చుట పెద్ద పని కాదు. కాని జిల్లాల పట్టికను తమలో ఇముడ్చుకొన్న కంప్యూటరు ప్రోగ్రాములలోనికి ఆ క్రొత్త పేరు చేరవలెనన్నచో, సోర్సు కోడులో ఒకరు దానిని వ్రాయవలెను, దాని చుట్టునున్న వాక్యములను మఱియొకరు తెలుగు చేయవలెను, ఇంకొకరు ఆ ప్రోగ్రామును మరల బిల్డు చేసి, ప్యాకేజీగా కట్టి, డిజిటల్ సంతకము పెట్టి, సర్వరుపై నుంచవలెను. కట్టకడపట చోడవరములోనో ఎలమంచిలిలోనో ఉన్న వినియోగదారుడు దానిని తన యంత్రములోనికి దింపుకొనవలెను. ఈ గొలుసులో ఏ లంకె తెగినను పాత పేరే తెరమీద నిలిచియుండును.

ఈ లంకెలలో ఎన్నింటిని యంత్రమునకు వదలివేయవచ్చును, ఎన్నింటిని మనుష్యుని చేతిలోనే ఉంచుకొనవలెను అను ప్రశ్నపై స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకమున ముప్పది యేండ్లుగా చర్చ సాగుచున్నది. ఇటీవల ఆ చర్చ మిక్కిలి చిక్కుపడినది. చిక్కుపడుటకు ప్రధానకారణము, స్వభావమున భిన్నములైన రెండు పనులను, అనగా ప్యాకేజీలు కట్టుటను, భాష మార్చుటను, ఒక్క పేరుతో పిలిచి ఒక్క తీర్పు చెప్పబూనుటయే. మొదటి పని విషయమున అనుభవము చాలవరకు తీర్పు చెప్పియే యున్నది. రెండవదాని విషయమున, ముఖ్యముగా తెలుగువంటి భాషల విషయమున, తీర్పు ఇంకను రాలేదు. ఈ రెండింటిని విడదీసి చూపుటయే ఈ సమీక్ష యొక్క ఉద్దేశము.

చేతిపని నాటి పద్ధతి

1983లో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన తరువాతి తొలి సంవత్సరములలో ఒక ప్రోగ్రామును విడుదల చేయుటయనగా, దాని నిర్వాహకుడు సోర్సు ఫైళ్ళన్నిటిని ఒక టార్ మూటగా కట్టి, ఎఫ్‌టీపీ సర్వరుమీద నుంచి, ఆ వార్తను ఈమెయిలు ద్వారా తెలియజేయుటయే. ఆ మూటలో ఒక్క ఫైలు చేర్చుట మరచినను, ఎక్కడనో దూరదేశమున దానిని దింపుకొన్నవాని యంత్రమున బిల్డు విఫలమయ్యెడిది. ఈ దోషమును నివారించుటకే ఆటోమేక్ అను సాధనమున ఒక ఆజ్ఞ ఏర్పడెను: అది మూట కట్టి, ఆ మూటను వేరొక చోట విప్పి, అక్కడ బిల్డు చేసి, పరీక్షలన్నియు నడిపి, అన్నియు సరిపోయిననే మూట యోగ్యమైనదని చెప్పును. డెబియన్‌లో 1997లో జోయీ హెస్ వ్రాసిన డెబ్‌హెల్పర్ ప్యాకేజీ కట్టుటలోని పునరుక్తిని తొలగించెను. అనేక ప్రాసెసర్ల కొఱకు ప్యాకేజీలను తమంత తామే బిల్డు చేయు యంత్రములును అక్కడ వెలసెను. కావున విడుదలలో యంత్రవినియోగము నేటి నవ్యత కాదు. అది ఆనాడే వచ్చినది, ఎవరును దానిని ఆక్షేపింపలేదు.

అనువాదమునకు సంబంధించిన మూలసాధనము గ్నూ గెట్‌టెక్స్ట్ 1995లో వెలువడినది. దాని నడక ఇట్లుండును: ప్రోగ్రాములోని వాక్యములను ఒక సాధనము ఏరి పీఓటీ అను మూలపట్టికగా కూర్చును, ఒక్కొక్క భాషకు ఒక్కొక్క పీఓ ఫైలుండును, మూలపట్టిక మారినపుడెల్ల వేరొక సాధనము పాత అనువాదములను క్రొత్త పట్టికతో కలుపును, చివరకు మూడవ సాధనము పీఓ ఫైలును యంత్రము వేగముగా చదువగల ఎంఓ ఫైలుగా మార్చును. లినక్స్ యంత్రములో లొకేల్ ఫోల్డరు తెరచి, తెలుగునకు నిర్ణీతమైన టీఈ అను రెండక్షరముల సంకేతము గల చోట చూచినచో, ఆ ఎంఓ ఫైళ్ళన్నియు అందే కనబడును.

ఈ గొలుసులో ఒక చిన్న వాక్యము గతిని దగ్గరనుండి చూచిన గాని తరువాతి వాదము బోధపడదు. ప్రోగ్రామరు ఆంగ్లవాక్యములో ఒక కామాను తీసివేసెననుకొందము. ఏరు సాధనమునకు అది క్రొత్త వాక్యము. కలుపు సాధనము పాత వాక్యముతో దాని పోలికను గుర్తించి, పాత తెలుగు అనువాదమునే దానికి జతచేసి, ‘ఫజీ’ అను గుర్తు పెట్టును. అనగా, ఇది సరియైనదో కాదో మనుష్యుడు చూడవలెనని అర్థము. ఫజీ గుర్తు గల అనువాదమును ఎంఓ ఫైలులోనికి మూడవ సాధనము ఎక్కించదు. అనువాదకుడు ఆ ఫైలును తెరచి ఆ గుర్తు తీయులోపల విడుదల జరిగిపోయినచో, నిన్నటివరకు తెలుగులో కనబడిన వాక్యము నేడు ఆంగ్లములో కనబడును. ఒక్క విరామచిహ్నము వలన కలిగిన ఫలితమిది. సాధనకర్తల ఉద్దేశము మాత్రము ఉత్తమమైనదే: సందేహాస్పదమైన తెలుగు కంటె స్పష్టమైన ఆంగ్లమే మేలని వారు నిశ్చయించిరి. ఆ నిశ్చయము నేటికిని వివాదమునకు మూలముగనే యున్నది.

అనువాదములను చేరవేయుటలో సైతము యంత్రము తొలినాటనే ప్రవేశించెను. ట్రాన్స్‌లేషన్ ప్రాజెక్టు అను సంస్థలో అనువాదకుడు పీఓ ఫైలును ఈమెయిలులో పంపగా, ఒక రోబో దానిని పరీక్షించి, దోషములున్నచో త్రిప్పిపంపి, లేనిచో భద్రపరచి ప్రోగ్రాము నిర్వాహకునకు తెలియజేసెడిది. ఆ రోబో అనువాదము చేయలేదు. మోసినది, పరీక్షించినది, అంతియే.

తెలుగు ప్రవేశించిన విధము

యూనికోడ్ తొలి ప్రమాణమున, 1991లోనే, తెలుగునకు స్థానము లభించినను, ఆ అక్షరములను తెరపై సరిగా చూపు ఫాంట్లును, ఒత్తులు గుణింతములు కూర్చు యంత్రాంగమును సిద్ధమగుటకు మఱియొక దశాబ్దము పట్టెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, రెడ్‌హ్యాట్ సంస్థ స్వేచ్ఛానుమతితో వెలువరించిన లోహిత్ తెలుగు ఫాంటు ఆ లోటును తీర్చినవి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యెను. ఆ వికీని నడపు మీడియావికీ సాఫ్ట్‌వేరు సందేశములను తెలుగు చేయుట ఔత్సాహికులైన పెక్కుమందికి స్థానికీకరణలో తొలిపాఠమయ్యెను. 2005లో హైదరాబాదు కేంద్రముగా ఏర్పడిన స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారముగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమును సిద్ధపరచి, ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులను అనువాదమునకు పురికొల్పినది. సీడాక్ వారి బాస్ లినక్స్ ప్రభుత్వపక్షమున జరిగిన యత్నము. 2008లో మొదలైన ఫ్యూయెల్ ప్రణాళిక తరచుగా కనబడు మెనూ పదములకు భాషాభాషకు ఏకరూపత సాధింపబూనినది.

ఈ యత్నములన్నిటను ఒక సామాన్యలక్షణము కానవచ్చును. ఆరంభమున ఉత్సాహము అపారము. పది మంది కూర్చుండి ఒక ప్రోగ్రామును నూటికి తొంబదిపాళ్ళు తెలుగు చేయుదురు. పిమ్మట క్రొత్త విడుదల వచ్చును, వాక్యములు మారును, ఫజీ గుర్తులు పెరుగును, విద్యార్థులు చదువు ముగించి ఉద్యోగములకు పోవుదురు. అనువాదము ఒకసారి చేసి ముగించు పని కాదు, పొలమువలె ఏటేట దున్నవలసినది. ఈ సంగతిని సంస్థలు ఆలస్యముగా గ్రహించెను. యాంత్రీకరణ తెలుగునకు మేలో కీడో నిర్ణయింపవలసినది ఈ కొలబద్దతోనే: తగ్గిపోవుచున్న అనువాదకుల శ్రమలో ఏ భాగమును యంత్రము తీసికొనుచున్నది, ఏ భాగమును పెంచుచున్నది?

గడువు పక్షము, ప్రవాహ పక్షము, విభజన పక్షము

విడుదలకును అనువాదమునకును పొత్తు కుదుర్చుటలో మూడు ప్రధాన పక్షములు కలవు.

మొదటిది గడువు పక్షము. గ్నోమ్ డెస్క్‌టాపు ఆరు నెలల కొకసారి విడుదలగును. విడుదలకు కొన్ని వారముల ముందు వాక్యస్తంభనము ప్రకటింతురు. ఆ నాటినుండి ప్రోగ్రామరులు తెరపై కనబడు ఏ వాక్యమును మార్చరాదు, మార్చవలసివచ్చినచో అనువాదబృందముల అనుమతి కోరవలెను. ఆ వ్యవధిలో అనువాదకులు శాంతముగా పని ముగింతురు. నూటికి ఎనుబదిపాళ్ళు పూర్తియైన భాషను మద్దతు గల భాషగా లెక్కించుట అక్కడి సంప్రదాయము. ఈ పద్ధతియందలి గౌరవనీయమైన గుణము, అనువాదకుని పనిని ప్రోగ్రామరు పనితో సమానముగా కాలపట్టికలో నిలుపుట. చిన్నబృందము గల తెలుగునకు ఇది వరము. సంవత్సరమునకు రెండు మారులు, ముందే తెలిసిన వారములలో, సెలవుదినములు చూచుకొని పని చేయవచ్చును.

రెండవది ప్రవాహ పక్షము. ఫైర్‌ఫాక్స్ 2011లో ఆరు వారముల కొక విడుదల పద్ధతికి మారెను. 2020 నుండి అది నాలుగు వారములైనది. ఇంత వేగముననున్న చోట స్తంభనమునకు తావు లేదు. కావున మొజిల్లా వారి పాంటూన్, 2012లో మిహాల్ చిహార్ ప్రారంభించిన వెబ్లేట్, మీడియావికీకి ఆలంబనమైన ట్రాన్స్‌లేట్‌వికీ మొదలైన వేదికలు అనువాదమును నిరంతరప్రవాహముగా మార్చినవి. ప్రోగ్రామరు వాక్యము మార్చినంతనే అది అనువాదకుని బ్రౌజరులో ప్రత్యక్షమగును. అనువాదకుడు భద్రపరచినంతనే ఒక బాటు దానిని గిట్ భాండారములో చేర్చును. కేడీఈలో స్క్రిప్టీ అను బాటు ప్రతిదినము వాక్యములను ఏరి పట్టికలను తాజాపరచును. అనకాపల్లిలోని కళాశాలవిద్యార్థి గిట్ నేర్వకయే, బిల్డు అననేమో తెలియకయే, తన ఫోను నుండి పది వాక్యములు తెలుగు చేయగలుగుట ఈ పక్షము సాధించిన విజయము. దానిని తక్కువచేసి చూడరాదు. ఒకప్పుడు పీఓ ఫైలు దింపుకొని, దిద్ది, మెయిలు పంపుటకే సగము మంది వెనుదిరిగెడివారు. అయితే, ప్రవాహమునకు తుదిగట్టు లేదు. ఎప్పుడును కొన్ని వాక్యములు మిగిలియే యుండును. పని ముగిసినదను తృప్తి ఎన్నడును కలుగదు. చిన్నబృందము అలసిపోవుటకు ఇది ఒక హేతువు.

మూడవది విభజన పక్షము. ప్రోగ్రామును, దాని భాషను వేర్వేరు ప్యాకేజీలుగా కట్టి, రెండింటిని వేర్వేరు కాలములలో విడుదల చేయవలెనని వీరి మతము. ఉబుంటు తన లాంచ్‌ప్యాడ్ వేదికపై సేకరించిన అనువాదములను భాషాప్యాకులుగా కట్టి, ప్రోగ్రాములను కదలింపకయే పంపిణీ చేయుచు వచ్చినది. దీనివలన ఏప్రిల్‌లో విడుదలైన ప్రోగ్రామునకు ఆగస్టులో పూర్తియైన తెలుగు అందగలదు. కాని మూలప్రాజెక్టున ఒక తెలుగు, ఉబుంటులో వేరొక తెలుగు ఏర్పడి, ఒకే మెనూకు రెండు పేర్లు చెలామణి యగు ప్రమాదము ఇందు కలదు. ఇక్కడ చేసిన దిద్దుబాటు అక్కడికి పోవక వృథాయైన సందర్భములు తెలుగు అనువాదకులకు సుపరిచితములు.

ఈ మూడింటిని సరిపోల్చినచో, గడువు పక్షము అనువాదకునకు విశ్రాంతి నిచ్చును గాని వినియోగదారుని నిరీక్షింపజేయును. ప్రవాహ పక్షము వినియోగదారునకు శీఘ్రఫలము నిచ్చును గాని అనువాదకుని అలయించును. విభజన పక్షము ఇరువురకును కొంత మేలు చేయును గాని పదముల ఏకరూపతను దెబ్బతీయును. మా అభిప్రాయమున తెలుగువంటి భాషకు మొదటి రెండింటి సంయోగమే శ్రేయస్కరము: వాక్యములు వచ్చునప్పుడు ప్రవాహముగా వచ్చుగాక, కాని విడుదలకు ముందు రెండు వారములైనను స్తంభనము తప్పక ఉండవలెను. వెబ్లేట్ వాడు ప్రాజెక్టు దీనిని అనుసరించుటకు సాంకేతికమైన అడ్డేమియు లేదు; నిర్వాహకుని నిశ్చయమే చాలును.

ప్యాకేజీ ఎవరు కట్టవలెను?

విడుదలపక్షమున వివాదము వేరు. డెబియన్, ఫెడోరా వంటి పంపిణీల సంప్రదాయము ప్రకారము మూలరచయిత సోర్సు మాత్రమే ఇయ్యవలెను; దానిని పరిశీలించి ప్యాకేజీ కట్టుట పంపిణీవారి ధర్మము. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, యాప్‌ఇమేజ్ మార్గములవారు, రచయితయే నేరుగా వినియోగదారునకు ప్యాకేజీ అందింపవలెననియు, నడుమ జాప్యము తగదనియు వాదింతురు. ఈ రెండవ మార్గము ప్రబలుటకు గిట్‌హబ్ యాక్షన్స్ వంటి సేవలు దోహదము చేసినవి: కోడుకు ఒక వెర్షను గుర్తు తగిలించినంతనే యంత్రము పరీక్షలు నడిపి, ప్యాకేజీలు కట్టి, మార్పుల జాబితా కూర్చి, ప్రచురించును. తెలుగు దృష్టితో ఫ్లాట్‌ప్యాక్‌నందు ఒక మెచ్చదగిన ఏర్పాటు కలదు. అనువాదములను అది ప్రత్యేకభాగముగా విడదీసి, వినియోగదారుడు కోరిన భాషలనే దింపును. ఎఫ్‌డ్రాయిడ్ మధ్యమార్గమున, రచయిత సోర్సునే తీసికొని తన యంత్రములపై తానే బిల్డు చేయుచు, యాప్ వివరణలను భాషల వారీ ఫోల్డరుల నుండి గ్రహించుచున్నది.

ఈ చర్చకు 2024 మార్చి 29వ తేదీ ఒక మలుపు. ఆ దినమున ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌లో అరసెకను జాప్యమునకు కారణము వెదకుచు, ఎక్స్‌జెడ్ అను సంపీడన లైబ్రరీ యొక్క 5.6.0, 5.6.1 విడుదలలలో దొంగద్వారము దాగియున్నదని బయటపెట్టెను. విద్రోహి కొంత సామగ్రిని పరీక్షాఫైళ్ళ రూపమున భాండారములోనే దాచినను, దానిని మేల్కొలుపు పంక్తి మాత్రము బహిరంగమైన గిట్ భాండారమున లేదు. విడుదల మూటలో మాత్రమే ఉండెను. సాధారణముగా గెట్‌టెక్స్ట్ సరంజామాతో కలసి వచ్చు ఒక ఎం4 ఫైలు పేరు ధరించియుండుటచే దానిని ఎవరును శంకింపలేదు. భాండారమున ఒకటి, మూటలో మఱియొకటి యుండుటకు అవకాశమిచ్చినది చేతితో మూట కట్టి ఎగుమతి చేయు పాత అలవాటే.

ఈ ఘటనను చూపి యంత్రవినియోగమును నిందించువారు కలరు. అది సరికాదని మా దృఢమైన అభిప్రాయము. మూటను నిర్వాహకుని చేతితో గాక, అందరు చూడగల భాండారము నుండి, అందరు చూడగల యంత్రము కట్టియుండినచో ఆ దొంగపంక్తికి తావు చిక్కెడిది కాదు. 2013 ప్రాంతమున డెబియన్‌లో ఆరంభమైన పునరుత్పాదక బిల్డుల ఉద్యమము దీనినే కోరుచున్నది: ఒకే సోర్సునుండి ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కట్టినను, అక్షరాక్షరము ఒకే ప్యాకేజీ రావలెను. ఇందుకు అనువాదఫైళ్ళే ఒక విఘ్నమగుట గమనింపదగినది. పీఓటీ పట్టిక కూర్చబడిన తేదీ, సమయము ఆ పట్టిక శీర్షికలో చేరి, అచటినుండి ఎంఓ ఫైలులోనికి ప్రాకుటచే, నేడు కట్టిన ప్యాకేజీ రేపు కట్టిన ప్యాకేజీతో సరిపోకుండెడిది. కాలమును సోర్సునుండియే గ్రహింపజేయు ఏర్పాట్లు వచ్చిన పిమ్మట ఆ విఘ్నము చాలవరకు తొలగెను. కావున ప్యాకేజీ కట్టుటను పూర్తిగా యంత్రమునకు అప్పగింపవచ్చును, అప్పగింపవలెను కూడ. విడుదల చేయవలెనా వద్దా అను నిర్ణయము, సంతకము పెట్టు తాళపుచెవి మాత్రము బాధ్యత వహింపగల మనుష్యుని యొద్దనే ఉండవలెను.

యంత్రానువాదము: చిక్కుముడి యిచ్చటనే

యంత్రముచే తెలుగు చేయించు యత్నములు క్రొత్తవి కావు. అక్షరభారతి బృందము కాన్పూరు ఐఐటీలోను, హైదరాబాదు విశ్వవిద్యాలయములోను 1990లలో సాగించిన అనుసారక ప్రణాళిక తెలుగు పాఠమును హిందీ పాఠకునకు అందింప యత్నించినది. 2011లో గూగుల్ అనువాదసేవలో తెలుగు చేరెను. 2022లో మెటా వారి ఎన్‌ఎల్‌ఎల్‌బీ, భారతప్రభుత్వపు భాషిణి, 2023లో మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ వారి ఇండిక్‌ట్రాన్స్2 వెలువడుటతో, నాణ్యత ఒక్కసారిగా హెచ్చెను. ఇండిక్‌ట్రాన్స్2 స్వేచ్ఛానుమతితో లభించుటచే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రాజెక్టులు పరాయి సేవపై ఆధారపడకయే దానిని తమ విడుదల గొలుసులో కలుపుకొనవచ్చును. వెబ్లేట్ వంటి వేదికలలో ఖాళీగా నున్న వాక్యములన్నిటిని యంత్రముచే నింపించు సదుపాయము ఇప్పటికే కలదు.

అనుకూలవాదుల మాట ఇది: తెలుగులో అనువాదకులు కొరవడిరి; ఆంగ్లము రానివారికి ఏమాత్రము లేనిదానికంటె యంత్రపు తెలుగే మేలు; దోషములను వినియోగదారులే తెలుపుదురు. ప్రతికూలవాదుల మాట: దోషములు గల తెలుగు ఒకమారు తెరకెక్కినచో దానిని దింపుట కష్టము, వినియోగదారుడు ఫిర్యాదు చేయడు, భాషను ఆంగ్లమునకు మార్చుకొని ఊరకుండును, పైగా ఆ చెడ్డ తెలుగే రేపటి యంత్రములకు శిక్షణపాఠమగును. రెండు వాదములందును సత్యము కలదు.

నిర్ణయమునకు ముందు సాఫ్ట్‌వేరు వాక్యముల స్వభావము తెలియవలెను. ఇవి పేరాలు కావు. రెండు మూడు పదముల ముక్కలు. ‘ఓపెన్’ అన్నచోట తెరువుమను ఆజ్ఞయో, తెరచియున్నదను స్థితియో సందర్భము లేక మనుష్యునకే తెలియదు. గెట్‌టెక్స్ట్‌లో సందర్భమును తెలుపు వసతి ఉన్నది గాని, ప్రోగ్రామరు వ్రాసిన గాని అది పనికిరాదు. ఇంతకంటె కఠినమైనది ఖాళీస్థానముల సమస్య. శాతము గుర్తు ప్రక్కన ఎస్ అను అక్షరముంచిన చోట ప్రోగ్రాము ఏదో ఒక పేరును నింపును. ఊరి పేరు నింపు వాక్యములో ఆ గుర్తు వెంట ‘కు’ ప్రత్యయము చేర్చి తెలుగు చేసిరనుకొనుడు: విజయవాడ వచ్చినపుడు ‘విజయవాడకు’ అని చక్కగా పలుకును, అనకాపల్లి వచ్చినపుడు ‘అనకాపల్లికు’ అని ఏ తెలుగువాడును పలుకని రూపమున తెరపై నిలుచును. ద్వితీయలోను ఇంతే, విజయవాడను అందుము, అనకాపల్లిని అందుము. ఆంగ్లమునందు పేరునకు ముందు విడిపదముంచి తప్పించుకొనవచ్చును గనుక ప్రోగ్రామరునకు ఈ చిక్కు ఊహకు రాదు. గెట్‌టెక్స్ట్ పరీక్షాసాధనము ఖాళీస్థానముల సంఖ్య తగ్గినను, రకము మారినను పట్టుకొని బిల్డును ఆపును. అది విలువైన కావలి. కాని ‘అనకాపల్లికు’ అను దోషము దాని కంటికి కనబడదు. యంత్రానువాదమును ఇక్కడ సహాయపడదు, ఏలయన నింపబడు పేరు అనువాదకాలమున దానికిని తెలియదు. అనుభవము గల అనువాదకుడు మాత్రము వాక్యమును త్రిప్పి, ‘ఊరు:’ అని ముందుంచి, ప్రత్యయమే అవసరము లేకుండ చేయును. మొజిల్లా వారి ఫ్లూయెంట్ పద్ధతి, 2019లో తొలి స్థిరరూపము పొందినది, ముందే తెలిసిన పేర్లకు విభక్తిరూపములను అనువాదకుడే నిర్ణయించు వీలు కల్పించుట హర్షణీయము. ప్రతి భాష వ్యాకరణమును ఆంగ్లపు అచ్చులో పోయరాదను వివేకము అందు కానవచ్చుచున్నది.

పరీక్షల ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరపు కూర్పు ఐఫోను యాపులను కుప్పకూల్చగా, ఆపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీననే సవరణ విడుదల చేయవలసివచ్చెను. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కాకపోయినను పాఠము అందరిది. విడుదలకు ముందు నడచు యాంత్రికపరీక్షలలో ఒత్తులు, అదృశ్యసంధానాక్షరములు గల తెలుగు పంక్తులు కొన్ని చేర్చుటకు పెద్ద వ్యయము కాదు. ఏ భాషనైనను పంపిణీ చేయు ప్రాజెక్టునకు అది కనీసవిధి.

శాతములకు అర్థమేమి?

యంత్రానువాదము తెచ్చిన నూతనసమస్యలలో తగిన చర్చకు రానిది ఒకటి కలదు. ఎనుబదిపాళ్ళు పూర్తియైన భాషను మద్దతు గల భాషగా గ్రహించుట, అసంపూర్ణములైన భాషలను ఇన్‌స్టాలరు నుండి తొలగించుట వంటి నియమములన్నియు ఒక అంగీకారముపై నిలిచినవి: అనువదింపబడిన ప్రతివాక్యమును ఒక మనుష్యుడు చూచియున్నాడని. శాతమనునది నిజమునకు జీవించియున్న బృందము ఉన్నదనుటకు గుర్తుగా పనిచేసినది. యంత్రము ఒక్క రాత్రిలో నూటికి నూరుపాళ్ళు నింపగల నాడు ఆ గుర్తు అర్థమును కోల్పోవును. బృందమే లేని భాష పూర్ణమైనట్లు పట్టికలో వెలుగును. సాయము అవసరమను సంగతియే మరుగుపడును. పాత లెక్కలో ముప్పదిపాళ్ళని కనబడినపుడు ఎవరో ఒకరు ముందుకు వచ్చెడివారు.

దీనికి మందు గెట్‌టెక్స్ట్ సృష్టికర్తలే ఇచ్చి పోయిరి. యంత్రపు అనువాదమంతయు ఫజీ గుర్తుతోనే చేరవలెను. అనువాదకుడు చూచి గుర్తు తీసిననే విడుదలలోనికి పోవలెను. శాతము లెక్కలో మనుష్యుడు చూచినవి, యంత్రము నింపినవి వేరువేరుగా కనబడవలెను. శ్రమ తగ్గును, బాధ్యత తగ్గదు. ఈ నియమము మొండిదని తోచువారికి ఒక సడలింపు ఇయ్యవచ్చును: సహాయపుటలు, విడుదల వివరణలు మొదలగు దీర్ఘపాఠములలో యంత్రపు తెలుగును ఆ విషయము స్పష్టముగ తెలిపి ప్రచురింపవచ్చును. ఫైళ్ళు చెరపుట, డబ్బు పంపుట, అనుమతులిచ్చుట వంటి చోట్ల ఎన్నటికిని కూడదు.

తేలనివి

కొన్ని విషయములు ఇంకను తేలకయున్నవి. యంత్రము కూర్చిన అనువాదముపై హక్కెవరిదను ప్రశ్న ఒకటి. గ్నూ ప్రాజెక్టువారు ఒకప్పుడు అనువాదకుల నుండి హక్కుత్యాగపత్రములు కోరిన సంప్రదాయము గలవారు, ఈ నూతనస్థితికి ఆ పత్రమెట్లు వర్తించునో స్పష్టము కాదు. అనువాదకుని పేరు మఱియొకటి. పీఓ శీర్షికలో చివరి అనువాదకుని పేరుండుట ఆచారము, బాటు తన పేరును అచట నిలిపినచో మనుష్యుని శ్రమ చరిత్రనుండి తుడిచివేయబడును. వేదికల స్థిరత్వము మూడవది. ఫెడోరాలో పుట్టి పెరిగిన ట్రాన్సిఫెక్స్ 2013లో సోర్సు తలుపులు మూసికొనగా, ఫెడోరా అనువాదకులు జనాటాకును, పిదప 2020 ప్రాంతమున వెబ్లేట్‌కును తరలవలసివచ్చెను. ప్రతి తరలింపులోను అలవాట్లు చెదరును, చిన్నబృందములే మొదట నష్టపోవును. అనువాదములను నిలువయుంచు వేదిక సైతము స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే కావలెననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

అన్నిటికంటె ముఖ్యముగా తేలనిది పదకోశము. యంత్రము అనువాదములలోని పదములు నిర్ణీతములో కావో క్షణములో తనిఖీ చేయగలదు. అందుకు దానికొక పట్టిక కావలెను. 1966 నాటి అధికారభాషా చట్టము తరువాత, 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి శాస్త్రశాస్త్రమునకు పారిభాషికపదకోశములు వెలువరించినది. అవి పుస్తకరూపమున బీరువాలలో నున్నవి. ఫ్యూయెల్ పట్టిక, వికీపీడియా వాడుక, స్వేచ్ఛ బృందపు వాడుక తమతమ దారులలో నున్నవి. ఫైలును ఒకరు ఫైలుగనే ఉంచుదురు, ఒకరు దస్త్రమందురు. ఏదైనను మంచిదే, ఒకే తెరమీద రెండును ఉండుటయే కూడదు.

కనుక అకాడమికి, రెండు తెలుగు రాష్ట్రముల విశ్వవిద్యాలయములకు మా విన్నపమిది: మీ పారిభాషికపదములను యంత్రములు చదువగల పట్టికలుగా, స్వేచ్ఛానుమతితో ప్రచురింపుడు. అనకాపల్లి, విశాఖపట్నము ప్రాంతపు ఇంజనీరింగు కళాశాలల అధ్యాపకులకు మఱియొక విన్నపము: మీ విద్యార్థుల ప్రాజెక్టులలో ఒకదానిని క్రొత్త అనువాదమునకు గాక, తెలుగులో ఇప్పటికే వెలువడుచున్న ఏదేని ఒక ప్రోగ్రామునందలి ఫజీ గుర్తులు చూచి తీయుటకు కేటాయింపుడు, ఒక బృందము చదువు ముగించి పోవునపుడు తరువాతి బృందమునకు దానిని అప్పగింపుడు.